గ్రేస్ హాపర్ జీవిత చరిత్రము

యంత్రములను నిర్మించినవారి పేర్లు లోకమున చిరకాలము నిలిచియుండుట మన మెఱిగినదే. కాని యొక యంత్రమునకు నేర్పిన విద్య యా యంత్రముతోడనే నశింపక, మఱియొక యంత్రమునకు సంక్రమించునట్లు పాటుపడినవారిని గూర్చి చెప్పుకొనుట యరుదు. అట్టివారిలో నగ్రగణ్యురాలు అమెరికా దేశపు గణితశాస్త్రవేత్తయు, నౌకాసైన్యాధికారిణియు నగు గ్రేస్ హాపర్. ఒక కంప్యూటరునకై వ్రాసిన ప్రోగ్రాము వేఱొక జాతి కంప్యూటరుపై గూడ నడచుట నేడు మనకు వింతగా దోపదు. ఆ మార్గమును దొలుదొల్త ద్రొక్కినవారిలో నీమె యొకతె. ఈమె జీవితము విద్యార్థులకు మిక్కిలి యుపయుక్తమగుటచే నిచ్చట సంగ్రహముగా వ్రాయబడుచున్నది.

గ్రేస్ బ్రూస్టర్ మరే 1906వ సంవత్సరము డిసెంబరు 9వ తేదీన న్యూయార్కు నగరమున జన్మించెను. తండ్రి వాల్టర్ మరే బీమా వ్యాపారము చేయువాడు. తల్లి మేరీ గణితమునం దభిరుచి గలది. ముగ్గురు బిడ్డలలో గ్రేస్ పెద్దది. తండ్రి వ్యాధికారణమున కాళ్లు కోల్పోయి, కృత్రిమపు కాళ్లతో నడువవలసినవా డయ్యెను. కుటుంబమునకు దా నెంతకాలము దిక్కుగా నుండగలడో తెలియని యా తండ్రి, కుమారునితో సమానముగా కుమార్తెలకును ఉన్నతవిద్య చెప్పింప నిశ్చయించుకొనెను. స్త్రీలకు గణితవిద్య యేల యని పలువురు తలంచు దినములలో నిది సామాన్యమైన నిశ్చయము కాదు.

గ్రేస్‌కు ఏడేండ్ల ప్రాయమున, అలారపు గడియారము లోపల నేమున్నదో చూడవలెనని కోరిక పుట్టెను. వెంటనే యొకదానిని విప్పెను. చక్రములును, మరలును జారిపడెనే కాని వానిని తిరిగి యమర్చుట యామెకు సాధ్యము కాలేదు. రెండవ గడియారమును జూచి మొదటిదానిని బాగుచేయవచ్చునని తలంచి దానినిగూడ విప్పెను. ఇట్లు ఇంటనున్న యేడు గడియారములును విప్పబడినవి. తల్లి యామెను దండింపలేదు. ఇకముందు ఒక్క గడియారమును మాత్రమే విప్పవచ్చునని కట్టడి చేసి యూరకుండెను. తెలియనిదానిని తెలిసికొనవలె నను నా యుత్కంఠ యామెను తుదివఱకు విడువలేదు.

పదునాఱేండ్ల ప్రాయమున నామె వాసర్ కళాశాలలో జేర బ్రయత్నించెను. లాటిన్ భాషాపరీక్షలో చాలినన్ని మార్కులు రాకుండుటచే నా యేడు ప్రవేశము దొరకలేదు. ఆమె కుంగిపోక మఱియొక సంవత్సరము చదివి 1924లో ప్రవేశము పొందెను. 1928లో గణితమునను భౌతికశాస్త్రమునను పట్టము గైకొనెను. 1930లో యేల్ విశ్వవిద్యాలయమున ఎం.ఏ. పట్టమును, 1934లో గణితమున డాక్టరు పట్టమును బొందెను. 1930లోనే విన్సెంట్ హాపర్ అను నాతని వివాహమాడెను. 1945లో నా దంపతులు వేఱయినను, ఆమె తుదివఱకు హాపర్ అను పేరుతోడనే వ్యవహరించెను. 1931 మొదలు తాను చదివిన వాసర్ కళాశాలయందే గణితము బోధించెను.

1941 డిసెంబరులో అమెరికా రెండవ ప్రపంచయుద్ధమున బ్రవేశించెను. గ్రేస్ ముత్తాత నౌకాసైన్యమున నున్నతాధికారి. ఆమెయు నౌకాసైన్యమునందే చేర సంకల్పించెను. కాని యామెకు వయస్సు మీఱినదని యొక యాక్షేపణ. ఎత్తునకు దగిన బరువు లేదని మఱియొక యాక్షేపణ. గణితోపాధ్యాయుల సేవ కళాశాలలయందే యవసరమని వేఱొక యాక్షేపణ. ఆమె పట్టు విడువక ప్రత్యేకానుమతి సంపాదించి, 1943 డిసెంబరులో నౌకాసైన్యపు రిజర్వుదళమున జేరెను. తనకంటె పదేండ్లకు మించి చిన్నవారితో గలసి శిక్షణ పొంది, 1944లో తరగతి కంతటికిని ప్రథమురాలుగా నుత్తీర్ణురా లయ్యెను.

తోడనే యామెను హార్వర్డు విశ్వవిద్యాలయమునకు బంపిరి. అచ్చట హోవార్డ్ ఎయికెన్ అను నధికారి పర్యవేక్షణమున మార్క్ వన్ అను గణనయంత్రము యుద్ధకార్యములకై లెక్కలు చేయుచుండెను. ఆ యంత్రము పొడవు 51 అడుగులు, ఎత్తు 8 అడుగులు, బరువు సుమారు 5 టన్నులు. అది సెకనునకు మూడు కూడికలు చేయగలదు; ఒక గుణకారమునకు దానికి 6 సెకనులు పట్టును. నేటి బాలుర చేతిలోని ఫోనుతో బోల్చిన నిది తాబేటి నడక. కాని యా కాలమున నదియే యద్భుతము. కాగితపు పట్టీపై రంధ్రములు పొడిచి దాని కాజ్ఞ లియ్యవలయును. ఎయికెన్ యామెను జూచిన దినముననే యొక కఠినమైన లెక్క నప్పగించి, వారములోపల ముగింపుమని యాజ్ఞాపించెను. అట్టి యంత్రమును మునుపెన్నడును జూడని గ్రేస్ తోడివారి సహాయమున దానిని నేర్చుకొనెను. తరువాత నా యంత్రమును గూర్చి 500 పుటలకు మించిన గ్రంథమును రచించెను. అది 1946లో ప్రకటింపబడెను.

గ్రేస్ పేరు వినగానే పలువురు ఒక చిమ్మటకథను జెప్పుదురు. 1947 సెప్టెంబరు 9వ తేదీన మార్క్ టూ అను యంత్రము సరిగా నడువకుండగా, పరీక్షింప దానిలోపల జిక్కుకొన్న యొక చిమ్మట కనబడెను. పనివారు దానిని దీసి దినచర్యపుస్తకమున నంటించిరి. ప్రోగ్రాములలోని దోషమునకు పురుగు అను నర్థముగల బగ్ అను పేరు నాటినుండి వచ్చినదని కొంద రందురు గాని యది నిజము కాదు. యంత్రదోషమునకు నా మాట యంతకు మునుపే వాడుకలో నుండెను. చిమ్మటను బట్టినది గ్రేస్ స్వయముగా గాదు. ఆమె యా కథను దఱచుగా జెప్పుచుండుటచే నది ప్రసిద్ధి కెక్కెను.

హార్వర్డులో నామె గ్రహించిన ముఖ్యవిషయము వేఱొకటి. ఆమెయు, తోడివారును మాటిమాటికి వలయు చిన్న ప్రోగ్రాముల భాగములను నోటుపుస్తకములలో వ్రాసియుంచుకొని, యవసరమైనపు డొకరి పుస్తకమునుండి యొకరు నకలు చేసికొనుచుండిరి. అట్లు నకలు చేయునపుడు ప్రతి సంఖ్యయు యంత్రములోని ఫలానా గదికి జెందినది కావున, క్రొత్త ప్రోగ్రామునకు దగినట్లు వానినన్నిటిని మార్చి కూడవలసివచ్చెడిది. గొప్ప గణితశాస్త్రజ్ఞులు గూడ నకలు వ్రాయుటలోను, చిన్న కూడికలలోను దప్పులు చేయుచుండుట నామె చూచెను. మనుష్యుడు చేయజాలని యీ పనిని యంత్రమే యేల చేయరాదను నాలోచన యామె మనస్సున నాటుకొనెను.

దీనిని మన యిండ్లలోని యొక దృష్టాంతముచే దెలిసికొనవచ్చును. ఒక బాలిక తల్లియొద్ద పులుసు కాచుట నేర్చుకొన్న దనుకొందము. తల్లి వస్తువుల పేర్లు చెప్పక, పైయరలో కుడినుండి మూడవ డబ్బాలోనిది ఒక చెంచా, క్రిందియరలో మొదటి జాడీలోనిది పిడికెడు అని మాత్రమే నేర్పెను. ఆ వంటయింట నామె పులుసు చక్కగనే కాచును. కాని వివాహమై యత్తవారింటికి బోయినపుడో? అచ్చటి మూడవ డబ్బాలో నుప్పునకు బదులు కార ముండవచ్చును. జాడీలో చింతపండునకు బదులు ఆవకాయ యుండవచ్చును. ఆమె నేర్చిన విద్యయంతయు వ్యర్థమగును. ఉప్పు, చింతపండు, బెల్లము అని పేర్లతో నేర్చిన బాలికకో, క్రొత్తయింట నేది యెచ్చట నున్నదో యొకమారు తెలిసికొన్న జాలును. తొలినాటి ప్రోగ్రాములన్నియు మొదటి బాలిక నేర్చిన పులుసు వంటివి. యంత్రము పాతబడి క్రొత్తది వచ్చినప్పుడెల్ల, వేలకొలది గంటలు శ్రమించి వ్రాసిన ప్రోగ్రాములను బాఱవైచి, మొదటినుండి వ్రాయవలసివచ్చెడిది.

యుద్ధానంతరమున హార్వర్డులో నామెకు స్థిరమైన యుద్యోగము లభింపలేదు. 1949లో ఆమె ఫిలడెల్ఫియా నగరమందలి ఎకర్ట్-మాక్లీ కంప్యూటరు కంపెనీలో జేరెను. ఆ కంపెనీవారి బైనాక్ అను యంత్రము పదింటి లెక్కను గాక యెనిమిదింటి లెక్క నవలంబించును. ఆమె యా లెక్క నెంత శ్రద్ధగా నేర్చె ననగా, కొంతకాలమునకు దన బ్యాంకి ఖాతాలోని లెక్కలు కుదురక యామె యిబ్బంది పడెను. బ్యాంకి యుద్యోగియగు తమ్ముడు పరీక్షించి చూడగా, ఆమె యప్పుడప్పుడు తన సొమ్మును యెనిమిదింటి లెక్కలో దీసివేయుచున్నట్లు తేలెను. మనుష్యులు యంత్రపు లెక్కను నేర్చుటకంటె యంత్రమే మనుష్యుల పద్ధతిని నేర్చుట మేలను నభిప్రాయము దీనిచే నామెకు మఱింత దృఢమయ్యెను.

1950లో రెమింగ్టన్ రాండ్ అను సంస్థ యా కంపెనీని గొనెను. 1951లో యూనివాక్ అను యంత్రము వెలువడెను. గ్రేస్ దానికై ప్రోగ్రాముల భాగములకు గుర్తులు పెట్టి, వాని నన్నిటిని నయస్కాంతపు పట్టీపై భద్రపఱచి, గుర్తు చెప్పినంతనే యంత్రమే యా భాగమును వెదకి, గదుల సంఖ్యలను మార్చుకొని, ప్రోగ్రామును దానే కూర్చుకొనునట్లు చేసెను. 1952 నాటికి సిద్ధమైన యీ సాధనమునకు ఏ-జీరో అని పేరు. దీనినే యామె కంపైలరు అనెను. అనగా కూర్పరి యని యర్థము. తరువాత నీ మాట మనుష్యుల భాషను యంత్రభాషలోనికి మార్చు దుబాసికి జెల్లెను. ఇంత చేసినను చాలకాలము దాని నెవ్వరును ముట్టలేదు. కంప్యూటరు కూడికలు చేయును గాని ప్రోగ్రాములు వ్రాయజాలదని యనుభవజ్ఞులే వాదించిరి. తనయెదుట నడచుచున్న దానిని నడువనేరదని చెప్పుట వినుచు, ఓర్పుతో మరల మరల చూపుటయే యామె పని యయ్యెను.

అంతట నామె మఱియొక యడుగు ముందునకు వేసెను. వ్యాపారులును, కార్యాలయోద్యోగులును గణితచిహ్నముల కలవాటుపడినవారు కారు. వారికై ఇంగ్లీషు మాటలతో నాజ్ఞలు వ్రాయు పద్ధతి కావలెనని 1950 తరువాతి యేండ్లలో నామె పైయధికారులకు విన్నవించెను. కంప్యూటరునకు ఇంగ్లీషు రాదని వారు త్రోసిపుచ్చిరి. ఆమె చిన్న నమూనా నొకదానిని సిద్ధపఱచి, ఒకే ప్రోగ్రామును ఇంగ్లీషు మాటలతోను, ఫ్రెంచి మాటలతోను, జర్మను మాటలతోను నడపించి చూపెను. యంత్రమునకు మాటలన్నియు గుర్తులే. ఏ భాషయైన నొకటే యని చూపుట యామె యుద్దేశము. కాని యధికారులు మఱింత బెదరిరి. అమెరికాలో బుట్టిన యంత్రమునకు ఫ్రెంచియు జర్మనును ఎట్లు వచ్చునని వారి సంశయము. వారిని సమాధానపఱచుటకు గొన్ని నెలలు పట్టెను. ఆ తరువాత బుట్టిన భాషకు ఫ్లో-మాటిక్ అని పేరు. అది 1958 నాటికి యూనివాక్ యంత్రములు గొన్నవారికి లభించెను.

అయినను ఫ్లో-మాటిక్ ఒక కంపెనీవారి యంత్రములకు మాత్రమే తగినది. ఇతర కంపెనీలవారును దమతమ భాషలను గల్పించుకొనుచుండిరి. అమెరికా రక్షణశాఖకు 1959లో పలు కంపెనీల యంత్రములు రెండువందలకు బైగా నుండెను. ప్రోగ్రాములకైన వ్యయము కోట్లకొలది డాలర్లు. ఒక యంత్రమును మార్చిన నా వ్యయమంతయు నీటిపాలగుచుండెను. 1959 మే 28, 29 తేదీలలో రక్షణశాఖవారు పెంటగన్ భవనమున నొక సభ జరిపిరి. దాని ఫలితముగా కోబాల్ అను నుమ్మడి వ్యాపారభాష యేర్పడెను. దీని నిర్మాణమున పలువురు పాల్గొనిరి. జీన్ సామెట్ మొదలగువారు ముఖ్యముగా శ్రమించిరి. కావున కోబాల్ గ్రేస్ యొక్కతె కృతి యనుట సరికాదు. కాని యామె యా యుద్యమమునకు సలహాదారు. ఆమె ఫ్లో-మాటిక్ దానికి ముఖ్యాధారము.

పరీక్షాదినము 1960 డిసెంబరు 6, 7 తేదీలలో వచ్చెను. ఒకే కోబాల్ ప్రోగ్రామును ఆర్.సీ.ఏ. 501 అను యంత్రముపైనను, యూనివాక్ టూ అను యంత్రముపైనను నడిపిరి. ఈ రెండును వేఱువేఱు కంపెనీలవి. లోపలి నిర్మాణమునం దొకదాని కొకటి పోలిక లేనివి. కొలదిపాటి మార్పులతో రెంటిపైనను ప్రోగ్రాము నడచెను. క్రొత్త కోడలు అత్తవారి వంటయింటను పుట్టింటి పులుసునే కాచెను.

1966 సంవత్సరాంతమున, అఱువది యేండ్లు నిండిన గ్రేస్‌ను నౌకాసైన్యపు రిజర్వుదళమునుండి విరమింపజేసిరి. ఆ దిన మామెకు మిక్కిలి దుఃఖకరమైనది. కాని యేడునెలలు గడచిన పిమ్మట, 1967 ఆగస్టులో, ఆఱుమాసముల పనికని మరల పిలిచిరి. ఆ యాఱుమాసములు పందొమ్మిదేండ్లు సాగెను! పిలిచిన కారణము గమనింపదగినది. కోబాల్ ఒక్కటే యైనను, ఒక్కొక్క కంపెనీ కంపైలరు దాని నొక్కొక్క తీరున నర్థము చేసికొనుచుండెను. ఒక జిల్లావాని తెలుగు మాట మఱియొక జిల్లావానికి వేఱర్థము నిచ్చినట్లు, ఒక యంత్రముపై సరిగానున్న ప్రోగ్రాము మఱియొకదానిపై దప్పుచుండెను. మాట యిచ్చుట చాలదు, పరీక్ష కావలెనని గ్రేస్ నిశ్చయించెను. ఆమె నాయకత్వమున కోబాల్ కంపైలర్లను బరీక్షించు ప్రోగ్రాములు తయారయ్యెను. ఈ పద్ధతి క్రమముగా నౌకాసైన్యమును దాటి యితర ప్రభుత్వశాఖలకును వ్యాపించెను.

గ్రేస్ హాపర్ తన్ను దాను ముఖ్యముగా నుపాధ్యాయురాలిగా భావించెను. సెకనులో నూఱుకోట్లవ భాగ మెంతటిదో జనుల కెట్లు చూపుట? ఆ స్వల్పకాలమున విద్యుత్తు పయనింపగల గరిష్ఠదూరము 11.8 అంగుళములు. ఆమె యంత పొడవుగల తీగముక్కలు తెచ్చి ఉపన్యాసములలో బంచిపెట్టుచుండెను. ఎల్లప్పుడు నిట్లే చేసితి మను సాకు నామె సహింపలేదు. దాని కెదురుగా, వెనుకకు దిరుగు ముండ్లుగల గడియారమును దన గదిలో గోడకు వ్రేలాడదీసెను. మొదట వింతగా దోచినను, కొంతసేపటికి దానియందును కాలము సరిగనే తెలిసికొనవచ్చును.

1983లో కమడోరు పదవియు, 1985లో రియర్ అడ్మిరల్ పదవియు నామెను వరించెను. 1986 ఆగస్టు 14వ తేదీన బోస్టన్ రేవునందు, కాన్‌స్టిట్యూషన్ అను పురాతన యుద్ధనౌకపై నామె 79 ఏండ్ల ప్రాయమున సేవనుండి విరమించెను. పిమ్మట డిజిటల్ ఈక్విప్‌మెంట్ సంస్థలో సలహాదారుగా బనిచేసెను. 1991లో అమెరికా ప్రభుత్వము జాతీయ సాంకేతిక పతకము నిచ్చి గౌరవించెను. 1992 జనవరి 1వ తేదీన వర్జీనియా రాష్ట్రమందలి ఆర్లింగ్టనులో, 85 ఏండ్ల వయస్సున, నిద్రలో దీర్ఘనిద్ర జెందెను. 1997లో సేవలో జేరిన యొక యుద్ధనౌకకు హాపర్ అని యామె పేరే పెట్టిరి.

ఆమె బ్రతికియుండగనే, ఆమె తలంపు మఱియొక కోటను జయించెను. కంప్యూటరును నడపు ప్రోగ్రాములలో నన్నిటికి మూలమైనది ఆపరేటింగ్ సిస్టము. దాని నడిబొడ్డు కెర్నెల్. జ్ఞాపకశక్తిని బంచుట, పనులకు వరుస నిర్ణయించుట, పరికరములను గనిపెట్టుట దాని విధులు. ఇది యంత్రమునకు మిక్కిలి దగ్గఱగా నుండునది గావున, దీనిని యంత్రభాషలో వ్రాయక తప్పదని చాలమంది నమ్మిక. 1973లో బెల్ పరిశోధనశాలయందు కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ అనువారు యూనిక్స్ కెర్నెల్‌ను సీ అను పైభాషలో దిరిగి వ్రాసిరి. 1977, 1978 సంవత్సరములలో రిచీయు, స్టీఫెన్ జాన్సనును దానిని పీ.డీ.పీ.-11 అను 16 బిట్ల యంత్రమునుండి ఇంటర్‌డేటా 8/32 అను 32 బిట్ల యంత్రమునకు దరలించిరి. సంఖ్యలోని భాగములను భద్రపఱచు వరుస గూడ నా యంత్రములలో నొకదాని కొకటి విరుద్ధము. అయినను కెర్నెల్‌లో ఎక్కువభాగము మారవలసిన పనిలేకపోయెను. జ్ఞాపకశక్తి యేర్పాటు, పరికరముల చోదకములు మొదలగు యంత్రాశ్రితములైన భాగములను మాత్రము క్రొత్తగా వ్రాసిరి. గ్రేస్ కీ పనితో సంబంధము లేదు. కాని పేర్లతో వ్రాయుము, గదులను యంత్రమే వెదకికొనును అను మూలసూత్ర మొకటియే.

మంచిపని వెంట దోషము గూడ రావచ్చునని యీ చరిత్రము చెప్పుచున్నది. కోబాల్ ప్రోగ్రాములు తమ యంత్రములకంటె నెక్కువకాలము బ్రతికినవి. వ్రాసినవారు స్థలము కలసివచ్చునని సంవత్సరమును రెండంకెలతోనే గుర్తించిరి. 2000వ సంవత్సరము సమీపించుకొలది 00 అనునది 1900 యా, 2000 యా యను చిక్కు కలిగెను. దానిని సవరించు పని 1990 తరువాత భారతదేశమునకు విరివిగా వచ్చెను. హైదరాబాదులోను, విదేశములలోను పలువురు తెలుగు యువకులును యువతులును కోబాల్ నభ్యసించి యా పనిలో బాల్గొనిరి. న్యూయార్కున గడియారములు విప్పిన బాలిక తలంపు, ఇట్లు మన తెలుగువారికిని బ్రతుకుదెరువై నిలిచెను.

విద్యార్థులారా, లాటిన్ పరీక్షలో దప్పినదియు, వయస్సు మీఱినదని త్రోయబడినదియు, నడచుచున్న యంత్రమును జూపినను నమ్మింపలేకపోయినదియు నీ గ్రేస్ హాపరే. ఆమె ప్రతిసారియు వాదమును మాని మరల చేసి చూపెను. మీరు నేర్చు విద్యలో ఏది నేటి బల్లకును, నేటి పుస్తకమునకును మాత్రమే యంటుకొనియున్నదో, ఏది రేపటి క్రొత్తయింటను బనికివచ్చునో యెంచి చూచుకొనుడు. ఆ రెండవదానిని సంపాదించినవానికి ఏ మార్పు వచ్చినను భయము లేదు.